బలవంతుడు రోగియైన వార్త వినినప్పుడు

వాక్యభాగము: ఫిలిప్పీయులకు 2:25–30
కలిపి చదువవలసినవి: యోబు 2:11–13, కీర్తన 147:10–11, మార్కు 2:1–12, యోహాను 9:1–3, 2 తిమోతికి 4:20
పాఠోద్దేశము: మనము ప్రేమించువారు, మెచ్చుకొనువారు కఠినమైన వ్యాధిలో పడిరని వినినప్పుడు విశ్వాసులు ఎట్లు నడుచుకొనవలెనో నేర్చుకొనుట.



2024 అక్టోబరు 20వ తేదీ ఆదివారమున బ్రిటను దేశపు పత్రికలు ఒక వార్తను ప్రచురించెను. సైకిలు పందెములలో 6 ఒలింపిక్ స్వర్ణపతకములు గెలిచిన సర్ క్రిస్ హాయ్‌కు క్యాన్సరు నయముకాని దశకు చేరినదనియు, 2 మొదలు 4 సంవత్సరములు మాత్రమే బ్రతుకవచ్చునని వైద్యులు తెలిపిరనియు ఆ వార్త సారాంశము. అప్పటికి ఆయన వయస్సు 48 సంవత్సరములు. ఆ దినమున అనేకుల ఇండ్లలో ఆ మాటే జరిగెను. ఆయనను ఎన్నడును ముఖాముఖిగా చూడనివారు కూడ కన్నీరు పెట్టుకొనిరి.

ఎక్కడో స్కాట్లాండులోని ఒక ఆటగాని వ్యాధి మన పాఠములోనికి ఎందుకు వచ్చినదని కొందరు అడుగవచ్చును. ఆయన విశ్వాసమును గూర్చి మనమేమియు చెప్పబోము. అది ఆయనకును దేవునికిని మధ్యనున్న సంగతి. అయితే ఒక బలవంతుడు మంచమెక్కెనను మాట వినినప్పుడు జనుల హృదయములలో ఏమి జరుగునో ఈ సంగతిలో స్పష్టముగా కనబడుచున్నది. మన సంఘములలోను ఇట్టి వార్తలు వచ్చుచునే యున్నవి. పాటల దళమును నడిపించిన సహోదరుడు, గుడి కట్టునప్పుడు ఇటుకలు మోసిన పెద్ద, స్త్రీల సమాజమును తన భుజములమీద మోసిన తల్లి, వీరిలో ఒకరికి పెద్ద జబ్బని తెలిసిన ఆదివారమున ఏమి మాటలాడవలెనో ఎవరికిని తోచదు. కాబట్టి ముందుగా ఆ సంగతిని తెలిసికొని, తరువాత వాక్యమునొద్దకు వెళ్లుదము.

1. ఆయన ఎవరు?

క్రిస్ హాయ్ 1976 మార్చి 23వ తేదీన ఎడింబరో నగరములో పుట్టెను. బాల్యములో చిన్న చక్రముల బి.ఎం.ఎక్స్. సైకిళ్ల పందెములలో పాల్గొని, తరువాత వెలొడ్రోములో పరుగెత్తు పందెములలో ప్రవేశించెను. వెలొడ్రోమనగా అంచులు ఏటవాలుగా పైకి లేచియుండు గుండ్రని బాట. అందులో నడుపు సైకిలుకు బ్రేకులుండవు, ఒకే గేరు ఉండును. వేగమంతయు తొడల బలము మీదనే ఆధారపడును.

2000లో సిడ్నీ ఒలింపిక్సులో ఆయన జట్టు రజతము పొందెను. 2004లో ఏథెన్సులో ఒక కిలోమీటరు దూరమును 1 నిమిషము 0.711 సెకనులలో ముగించి మొదటి స్వర్ణము గెలిచెను. రెండవవానికిని ఆయనకును తేడా సెకనులో అయిదవ వంతు కూడ లేదు. ఆ మరుసటి సంవత్సరమే ఆ పందెమును ఒలింపిక్సునుండి తీసివేయ నిర్ణయించిరి. ఏండ్ల తరబడి దేనికొరకు తన శరీరమును సిద్ధపరచుకొనెనో అదియే లేకుండ పోయెను. ఆయన మానివేయలేదు. వేరు పందెములు నేర్చుకొని, 2008లో బీజింగులో 3 స్వర్ణములు గెలిచెను. 1908 తరువాత ఒకే ఒలింపిక్సులో 3 స్వర్ణములు గెలిచిన మొదటి బ్రిటను దేశస్థుడు ఆయనయే. 2009లో సర్ బిరుదు లభించెను. 2012లో లండనులో తన దేశపు జెండాను మోసి, మరి 2 స్వర్ణములు పొందెను. ప్రపంచ విజేతగా 11 పర్యాయములు నిలిచెను. 2013లో పందెములు విరమించెను. గ్లాస్గో నగరములోని వెలొడ్రోమునకు ఆయన పేరే పెట్టిరి.

2023 సెప్టెంబరులో భుజమునొప్పి వచ్చెను. వ్యాయామములో ఏదో పట్టినదని తలంచెను. స్కాను తీయగా గడ్డ కనబడెను. మరికొన్ని పరీక్షలు చేయగా, క్యాన్సరు ప్రోస్టేట్ గ్రంథిలో మొదలై భుజము, తుంటి, ప్రక్కటెముకలు, వెన్నెముకలకు ప్రాకినదని తేలెను. దీనిని 4వ దశ అందురు. ఆయన తండ్రికిని తాతకును ఇదే గ్రంథికి క్యాన్సరు వచ్చియుండెను. ఆయన కీమోథెరపీ తీసికొనుచున్న కాలములోనే ఆయన భార్యకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరముల వ్యాధి యున్నదని తెలియవచ్చెను. ఇంటిలో ఇద్దరు చిన్నపిల్లలు.

2024 ఫిబ్రవరిలో తనకు క్యాన్సరు ఉన్నదని మాత్రము ఆయన ప్రకటించెను. దీనిని తన కుటుంబములోనే ఉంచుకొనగోరితినిగాని పరిస్థితి బలవంతపెట్టినదని అప్పుడు తెలియజేసెను. ఆ వేసవిలో ప్యారిస్ ఒలింపిక్సునకు వెళ్లి టెలివిజనులో పందెములను వివరించెను. అక్టోబరులో సంగతియంతయు చెప్పెను.

2. జనులు ఏమి చేసిరి?

ఇట్టి వార్త వినగానే అభిమానులు మొదట జ్ఞాపకములలోనికి వెళ్లుదురు. ఏథెన్సు పందెము చూచినవారు ఏథెన్సును, లండనులో చూచినవారు లండనును తలంచుకొందురు. ఆ మనిషి విజయము ఒక కాలమున వారికిని సంతోషము కదా! ఆ సంతోషమునకు ఇప్పుడు దెబ్బ తగిలినట్లుండును. తరువాత భయము వచ్చును. అంతటి దేహబలము గలవానికే ఇట్లయినయెడల మన గతి ఏమి?

ఈసారి ఆ భయము ఒక మేలునకు దారి తీసెను. వార్త వెలువడిన తరువాత 48 గంటలలో, ప్రోస్టేట్ క్యాన్సరు లక్షణములను గూర్చి ఆ దేశపు ప్రభుత్వ ఆరోగ్యసేవ ఇచ్చు సమాచారమును వెదకినవారు దాదాపు 7 రెట్లయిరి. సిగ్గుచేతనో నిర్లక్ష్యముచేతనో ఇంతకాలము వైద్యుని యొద్దకు వెళ్లని పురుషులు వెళ్లిరి. కొందరికి వ్యాధి తొలిదశలోనే తెలిసెను.

మరి 11 నెలలకు, 2025 సెప్టెంబరు 7వ తేదీన, గ్లాస్గోలో ఆయన పేరుగల వెలొడ్రోము దగ్గరనుండి వేలమంది సైకిళ్లమీద బయలుదేరిరి. ఆ యాత్రకు టూర్ డి 4 అని పేరు. ఆ 4 అనునది వ్యాధి యొక్క 4వ దశను సూచించుచున్నది. అదే దశలోనున్న రోగులు కొందరు స్వయముగా సైకిలు తొక్కిరి. క్యాన్సరు రోగులకు సహాయము చేయు సంస్థలకొరకు 20 లక్షల పౌండ్లకు పైగా సొమ్ము కూడెను. 4వ దశయనగా బ్రదుకు ఆనాడే ముగిసినట్లు కాదని చూపుటయే ఆ యాత్ర ఉద్దేశము.

లోకస్థులైన అభిమానులు తాము ఎన్నడును మాటలాడని మనిషికొరకు ఇంత చేసిరి. ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుకొను మనము ఒకరికొకరము ఏమి చేయుదుము? ఈ ప్రశ్నతో వాక్యమునొద్దకు వెళ్లుదము.

3. ఎపఫ్రొదితు వ్యాధి

పౌలు బంధకములలో ఉన్నప్పుడు ఫిలిప్పీ సంఘము ఎపఫ్రొదితు చేతికి కానుకనిచ్చి పంపెను. దూరప్రయాణము చేసి వచ్చిన ఆ మనిషి అక్కడ మరణమునకు సమీపమగునంతగా జబ్బు పడెను. ఆ వార్త ఏదో విధముగా ఫిలిప్పీకి చేరెను. తన వ్యాధి సంగతి తనవారు వినిరని తెలిసి ఎపఫ్రొదితు మరింత కలత చెందెను. తరువాత దేవుడు కనికరించగా స్వస్థుడాయెను. పౌలు అతనిని ఈ పత్రికతో ఇంటికి పంపుచు, సంతోషముతో చేర్చుకొని గౌరవించవలెనని సంఘమునకు చెప్పుచున్నాడు.

చిన్న భాగమే గాని దీనిలో ఒక రోగి, దూరమందున్న ఒక సంఘము, ప్రక్కనున్న ఒక స్నేహితుడు కలరు. స్వగ్రామమునకు దూరముగా తరతరములనుండి కాపురమున్న మనకు ఈ భాగము మిగుల దగ్గరిది. ఊరినుండి జబ్బు వార్త వచ్చుట, ఇక్కడి జబ్బు వార్త ఊరికి చేరుట మన ఇండ్లన్నిటికిని తెలిసిన అనుభవము. దీనినుండి 5 సంగతులు నేర్చుకొందము.

(అ) రోగము పేరుకంటె ముందు మనిషి పేరు

25వ వచనమును మరల చదువుడి. ఎపఫ్రొదితు జబ్బును చెప్పకమునుపు పౌలు అతనిని 5 విధములుగా వర్ణించుచున్నాడు: తన సహోదరుడని, తనతో పనిచేసినవాడని, తనతోకూడ పోరాడినవాడని, సంఘము పంపినవాడని, తన కొరత తీర్చినవాడని. వ్యాధి మాట 26వ వచనములోగాని రాదు. జబ్బు పడినంతమాత్రమున అతడు పనివాడు కాకపోలేదు, యోధుడు కాకపోలేదు.

మన మధ్య కొన్నిచోట్ల ఇందుకు విరుద్ధముగా జరుగుచున్నది. నిన్నటివరకు డీకనుగారు, మాస్టరుగారు అని పిలువబడినవాడు, జబ్బు తెలిసిన మరునాటినుండి "ఆ క్యాన్సరాయన" అగును. కమిటీలో ఆయన మాట అడుగువారుండరు. పాటల పుస్తకము ఆయన చేతికి ఇచ్చువారుండరు. ఇది దయగా కనబడవచ్చును గాని బ్రదికియుండగానే మనిషిని ప్రక్కకు తీసిపెట్టుటయే. క్రిస్ హాయ్ తన వ్యాధి తెలిసిన తరువాతను ప్యారిస్ వెళ్లి తన పని తాను చేసెను. చేయగలిగినంతకాలము పనిచేయనిచ్చుట రోగికి గొప్ప ఆదరణ. ఓపిక లేనిదినమున విశ్రాంతి తీసికొమ్మని చెప్పుట వేరు, ఇక నీవు అక్కరలేదని తోచునట్లు చేయుట వేరు.

కీర్తన 147:10 ఇక్కడ మనకు సహాయము చేయుచున్నది. మనుష్యుని కాలిసత్తువ దేవునికి ఆనందకారణము కాదని కీర్తనకారుడు తెలియజేయుచున్నాడు. సైకిలు వీరుని గెలుపంతయు కాళ్లలోనే యుండెను; లోకము ఆ కాళ్లను మెచ్చుకొనెను. దేవుడు మనలను మెచ్చునది అందునుబట్టి కాదు. కాబట్టి కాళ్లు తడబడిన దినమున ఆయన దృష్టిలో మన విలువ అణుమాత్రమును తగ్గదు.

(ఆ) ఎవరి పాపమని అడుగకుడి

1983లోను 1984లోను ఫ్రాన్సు దేశపు గొప్ప సైకిలు పందెము గెలిచిన లారాన్ ఫిన్యోన్ అను మరియొక వీరుడు కలడు. 1989లో అదే పందెమును కేవలము 8 సెకనుల తేడాతో పోగొట్టుకొని లోకమంతట తెలియబడినవాడు. 2009లో తనకు ముదిరిన క్యాన్సరు ఉన్నదని ఆయన తెలిపెను. తన కాలములో నిషిద్ధ మందులు వాడితినని ఆ సంవత్సరమే తన పుస్తకములో ఒప్పుకొని యుండుటచేత, ఆ మందులవలననే ఈ వ్యాధి వచ్చినదా అని అందరును అడిగిరి. అవునని గాని కాదని గాని తాను చెప్పలేననియు, వైద్యులు మాత్రము అట్లు తలంచుటలేదనియు ఆయన సమాధానమిచ్చెను. 2010 వేసవిలో జబ్బుచేత గొంతు చెడిపోయినను టెలివిజనులో పందెమును వివరించి, ఆగస్టు 31వ తేదీన 50వ ఏట మరణించెను.

యోహాను 9వ అధ్యాయములో శిష్యులు గ్రుడ్డివానిని చూచి అడిగినది ఇట్టి ప్రశ్నయే. పాపము వీనిదా, తలిదండ్రులదా? ప్రభువు ఆ రెంటిని త్రోసివేసి, దేవుని పని కనబడుటకు ఇది తావని బోధించెను. బోధించి ఊరకుండక ఆ మనిషిని ముట్టెను. కొన్ని అలవాట్లు కొన్ని జబ్బులకు కారణమగుట నిజమే. పొగాకునకును నోటి క్యాన్సరునకును గల సంబంధమును పిల్లలకు బోధింపవలసినదే. అయితే ఆ బోధకు ఆదివారపు బడి తగిన స్థలము, రోగి మంచము కాదు. యోబు స్నేహితులు 7 దినములు నేలమీద కూర్చుండి మౌనముగా నున్నంతకాలము మంచి స్నేహితులుగానే యుండిరి. నోరు తెరచి కారణములు చెప్ప మొదలుపెట్టిన తరువాతనే వారి పరామర్శ చెడిపోయెను.

(ఇ) వార్త ఎవరిది?

తన జబ్బు సంగతి ఫిలిప్పీలో తెలిసినందుకు ఎపఫ్రొదితు దుఃఖపడెను. తనవారు దిగులుపడుదురే అని అతని దిగులు. క్రిస్ హాయ్ కూడ మొదట ఇంటివారి మధ్యనే ఉంచుకొనగోరెను. చిన్నపిల్లలున్న ఇంటిలో ఏ మాట ఎప్పుడు ఎట్లు చెప్పవలెనో తలిదండ్రులే నిర్ణయించుకొనవలెను గదా! బయటివారి నోట పిల్లలు వినినయెడల ఆ గాయము వేరు.

మన సంఘములలో ప్రార్థన మనవి అను పేరుతో ఒకరి జబ్బు ఒక రాత్రిలో నాలుగు ఊళ్లకు చేరుచున్నది. ఏ అవయవమునకు వచ్చినది, ఏ దశ, ఎంత ఖర్చు, ఎన్నాళ్లు అనువరకు చెప్పుకొందురు. ప్రార్థించుటకు ఇవన్నియు అవసరము లేదు. సభలో మనవి చేయుటకు ముందు రోగిని అడుగుడి: "మీ పేరు చెప్పవచ్చునా? ఎంతవరకు చెప్పమందురు?" ఆయన వద్దనినయెడల, వ్యాధితోనున్న మన సహోదరులలో ఒకరికొరకు అని ప్రార్థించుడి. ఆ పేరు దేవునికి తెలియును.

దీనికి రెండవ ప్రక్కయు కలదు. కొన్ని కుటుంబములలో జబ్బు ఏమిటో రోగికే తెలియనియ్యరు. ప్రేమచేతనే చేయుదురు. అయినను అడుగుచున్నవానికి అబద్ధము చెప్పినయెడల, క్షమాపణ చెప్పుకొనవలసినవారితో చెప్పుకొనుటకును, ఇల్లు చక్కపెట్టుకొనుటకును, తన ప్రభువుతో తాను మాటలాడుకొనుటకును అతనికి మిగిలియున్న కాలమును మనము తీసికొనినవారమగుదుము. హిజ్కియాకు సంగతి దాచకుండ చెప్పబడెను. అతడు గోడవైపు తిరిగి ప్రార్థించినది అది వినిన తరువాతనే.

(ఈ) మంచమునకు నాలుగు కొనలు

మార్కు 2వ అధ్యాయములోని పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చిరి. వారి పేర్లు మనకు తెలియవు. వారు పలికిన ప్రార్థన ఒక్కటియు వ్రాయబడలేదు. మోసిరి, దారి లేకపోగా కప్పు విప్పిరి, దించిరి. వారి విశ్వాసమును ప్రభువు చూచెనని మార్కు వ్రాయుచున్నాడు. కనబడునట్టి విశ్వాసమన్నమాట. గ్లాస్గోలో సైకిలెక్కినవారు తమ అభిమానమునకు కాళ్లు ఇచ్చిరి. మన ప్రేమకును కాళ్లు చేతులు కావలెను.

ఇక్కడ మన సంఘములకు దేవుడిచ్చిన ప్రత్యేకమైన పిలుపు కలదు. క్యాన్సరుకు వైద్యము చేయు పేరుపొందిన ఆసుపత్రులు అనేకము మనము కాపురమున్న రాష్ట్రములలోనే యున్నవి. 1941లో ప్రారంభమైన ముంబయి టాటా మెమోరియల్, 1954లో స్థాపింపబడిన చెన్నై అడయారు క్యాన్సరు సంస్థ, వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి, బెంగుళూరులోని కిద్వాయి సంస్థ, కటకములోని ఆచార్య హరిహర సంస్థ ఇట్టివి. తెలుగునాటనుండి రోగులు కాగితముల సంచి చంకనబెట్టుకొని ఈ ఊళ్లకు వచ్చుచున్నారు. స్టేషనులో దిగినది మొదలు వారికి భాష రాదు. చీటీ ఎక్కడ వ్రాయింతురో, రక్తము ఎక్కడ తీయుదురో, గది అద్దెకు ఎవరిత్తురో తెలియదు. మనకు తమిళము వచ్చును, కన్నడము వచ్చును, మరాఠీ, ఒడియా వచ్చును. మన తాతలు పొట్టకూటికి వచ్చి నేర్చుకొనిన ఆ భాషలే నేడు మన చేతికందిన మంచపు కొన.

ఒక్కరే నాలుగు కొనలు పట్టలేరు. ఒకరు ఆసుపత్రిలో మాట చెప్పుదురు. ఒకరు అన్నము క్యారియరు పంపుదురు. ఒకరు రాత్రికి తోడుందురు. ఒకరు సంఘపు బీదల నిధినుండి మందుల ఖర్చు చూచుదురు. యానాంలోనివారు కాకినాడ వెళ్లు రోగికి తోడుగా ఒక దినము బస్సెక్కినను అది మోయుటయే.

మోయువారిని కూడ మరువరాదు. క్రిస్ హాయ్ వార్తలో జనులు విజేతనే చూచుచుండగా, ఆయన ప్రక్కన తన సొంత వ్యాధితో నిలిచియున్న భార్య ఉండెను. మన ఇండ్లలోను రోగిని అందరు పరామర్శింతురు. ఆరునెలలుగా సరిగా నిద్రలేని భార్యను, సెలవులైపోయిన కొడుకును, బడి మానిన కూతురును ఎవరు అడుగుదురు? దేవుడు ఎపఫ్రొదితును కనికరించుటలో తన మీదను కనికరపడెనని పౌలు ఒప్పుకొనుచున్నాడు. దుఃఖము మీద దుఃఖము ప్రక్కనున్నవానికిని కలదని అపొస్తలుడు ఎరుగును. కాబట్టి పరామర్శకు వెళ్లినప్పుడు రోగియొద్ద పది నిమిషములు కూర్చుండుడి, వంటింటిలోనున్నవారియొద్ద మరి పది నిమిషములు కూర్చుండుడి. "మీరు ఒక గంట పడుకొనుడి, మేమున్నాము" అను మాట దీర్ఘమైన ప్రసంగముకన్న మేలు.

(ఉ) మన దేహమును గూర్చిన బాధ్యత

మన పురుషులు ఈ భాగమును శ్రద్ధగా వినవలెను. ప్రోస్టేట్ గ్రంథి పురుషులకు మూత్రాశయము క్రింద నుండు చిన్న అవయవము. దానికి క్యాన్సరు వచ్చినను తొలిదశలో తరచుగా ఏ బాధయు తెలియదు. వయస్సు పెరిగినకొలది ఈ వ్యాధికి అవకాశము పెరుగును. తండ్రికిగాని అన్నదమ్ములకుగాని వచ్చియుండినయెడల మరింత ఎక్కువ. పి.ఎస్.ఎ. అను రక్తపరీక్ష కలదు. అది సంపూర్ణమైనది కాదు. క్యాన్సరు లేకున్నను ఆ అంకె పెరుగవచ్చును, ఉన్నను కొన్నిసార్లు పెరుగకపోవచ్చును. అందుచేత ఎవరు, ఎప్పుడు చేయించుకొనవలెనో వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. 50 ఏండ్లు దాటినవారు, కుటుంబములో ఈ జబ్బు ఉన్నవారు అంతకుముందే, వైద్యునితో ఈ మాట మాటలాడుట మంచిది. మూత్రము పోయుటలో క్రొత్తగా కష్టము కలిగినను, రక్తము కనబడినను, ఎముకలలో నొప్పి విడువకున్నను ఆలస్యము చేయరాదు. స్త్రీలు రొమ్ము, గర్భాశయ ముఖద్వారముల పరీక్షలను గూర్చి అట్లే అడిగి తెలిసికొనవలెను.

పరీక్ష చేయించుకొనుట అవిశ్వాసమని తలంచువారు మనలో కొందరున్నారు. లూకా వైద్యుడు; పౌలు అతనిని ప్రియుడని పిలిచెను, తన ప్రయాణములలో వెంటబెట్టుకొనెను. హిజ్కియాకు దేవుడు 15 సంవత్సరములు అనుగ్రహించినప్పుడు సహితము పుండుమీద అంజూరపు ముద్ద వేయబడెను. ప్రార్థనను మందును ఒకదానికొకటి విరోధులుగా నిలువబెట్టినది మనుష్యులే.

4. స్వస్థత కలుగనప్పుడు

ఇది కఠినమైన భాగము, తప్పించుకొని పోరాదు. ఎపఫ్రొదితు బాగుపడెను. అయితే అదే పౌలు తన చివరి పత్రికలో, త్రోఫిమును జబ్బుతో మిలేతులో విడిచి వచ్చితినని ఒక్క మాటలో వ్రాసెను (2 తిమోతికి 4:20). అతనికి విశ్వాసము తక్కువని వ్రాయలేదు, ప్రార్థన చాలలేదని వ్రాయలేదు. ఇద్దరును దేవుని ప్రియులే. ఒకరు ఇంటికి నడిచి వెళ్లిరి, ఒకరు మంచముమీద మిగిలిరి. అపొస్తలుడు కారణము చెప్పలేదు.

వైద్యులు ఇక నయముకాదని చెప్పిన రోగియొద్దకు వచ్చి, కానుక వేయుము, మందులు మానుము, ఫలానా తేదీకి లేతువు అని చెప్పువారు ఈ దినములలో కలరు. ఆ తేదీ దాటిన దినమున రోగికి వ్యాధితోకూడ దోషభారము కూడ మిగులును. ప్రియులారా, దేవుడు స్వస్థపరచగలడని ధైర్యముగా ప్రార్థించుదము. స్వస్థపరచితీరునని ఆయన పేరట తేదీ వేయుటకు మనకు అధికారము లేదు. వైద్యులు చెప్పిన 2 మొదలు 4 సంవత్సరములన్నది కూడ ఒక అంచనాయే, తీర్పు కాదు. దినముల లెక్క ఉంచుకొనినవాడు వేరొకడున్నాడు.

లోకపు అభిమానము ఎంత మంచిదైనను దానికి ఒక హద్దు కలదు. సమాధి అంచువరకు వచ్చి పూలు ఉంచి అది తిరిగి వెళ్లవలెను. సంఘము అక్కడ ఆగదు. మృతిని గెలిచి లేచిన ప్రభువు మనవాడు గనుక, చివరి దశలోనున్న సహోదరునితో మనము నిజము దాచకయే నిరీక్షణను గూర్చి మాటలాడగలము. మనము అతనికి ఇయ్యగలిగిన మిగుల గొప్పది ఇదియే: అబద్ధములేని ఆదరణ, కడవరకు విడువని తోడు, మరణమునకు ఆవలనున్న ప్రభువు.

చర్చించుటకు ప్రశ్నలు

1. ఎపఫ్రొదితు తన జబ్బునుబట్టి గాక, సంఘమువారి దిగులునుబట్టి ఎందుకు కలత చెందెను? మన రోగులు మననుండి ఏమి దాచుచున్నారు? ఎందుచేత?
2. యోబు స్నేహితుల మొదటి 7 దినములకును తరువాతి దినములకును తేడా ఏమి?
3. మన సంఘములో ప్రార్థన మనవులు ఇచ్చు పద్ధతిలో మార్చవలసినది ఏదైన కలదా?
4. మన ఊరి ఆసుపత్రికి తెలుగునాటనుండి వచ్చు రోగులను మనము ఎట్లు తెలిసికొనగలము? వారికి సహాయము చేయుటకు నలుగురు ఎవరు?
5. త్రోఫిము సంగతి స్వస్థతను గూర్చిన మన బోధను ఎట్లు సరిచేయుచున్నది?

ఈ వారము చేయవలసిన పని

సంఘములో దీర్ఘవ్యాధితోనున్న ఒక ఇంటిని ఎంచుకొనుడి. ముందుగా వారి వీలు కనుగొని ఇద్దరు మాత్రమే వెళ్లుడి. జబ్బును గూర్చి వారు చెప్పినంత వినుడి, చెప్పనిది అడుగకుడి. ఒక కీర్తన చదివి, చిన్న ప్రార్థన చేసి, వారికి అవసరమైన ఒక పని చేసి రండి. ప్రియ సహోదరులారా, మీ ఆరోగ్యపరీక్ష సంగతి మీ ఇంటిలో ఈ వారమే మాటలాడుడి.

ప్రార్థన

కనికరముగల మా తండ్రీ, మా బలము నీవిచ్చినదే, మా దినములు నీ చేతిలోనివే. వ్యాధిలోనున్న మా సహోదరులను, వారిని కనిపెట్టుకొనియున్నవారిని జ్ఞాపకము చేసికొనుము. దూరదేశమందు వ్యాధితో పోరాడుచున్నవారిని, వారి పిల్లలను కరుణించుము. నొప్పించు మాటలనుండి మా నోటిని కాపాడుము. మంచపు కొన పట్టుటకు మా చేతులను బలపరచుము. బాగుచేయుట నీ చిత్తమైతే బాగుచేయుము. నీయొద్దకు పిలుచుకొనుట నీ చిత్తమైతే కడవరకు వారి చేయి విడువకుము. మృత్యుంజయుడైన యేసు ప్రభువు నామమున అడుగుచున్నాము. ఆమేన్.